ఉప్పందించినవాళ్ళు

రాముడి పేరు పెట్టుకున్నవాళ్ళు మన వైపు ఊరికి పదిమంది ఉంటారు. లక్ష్మణుడు, భరతుడు, ఆంజనేయులు సరేసరి. వెతికితే సుగ్రీవుడు కూడా ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. విభీషణుడనే పేరుగల మనిషిని మాత్రం నా డెబ్బై అయిదేళ్ళ బతుకులో ఒక్కణ్ణీ చూడలేదు. పాపం, ఆయన చేసిన తప్పేమిటి? ధర్మం వైపు నిలబడ్డాడు. రాజ్యమూ దక్కింది, చిరంజీవుల్లో చోటూ దక్కింది. అయినా లోకం ఆయన్ని 'ఇంటి గుట్టు లంకకు చేటు' అనే సామెతలో బిగించి కూచోబెట్టింది.

చిత్రమేమిటంటే, అదే లోకం 'ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అని కూడా అంటుంది. ఈశ్వరుడికే చేతకాని పని ఒక సబిన్‌స్పెక్టరుకు ఎలా సాధ్యం? ఇంట్లోవాడెవడో చెప్పాలి. చెప్తే వాడు విభీషణుడు! అసలు విభీషణుడి ధైర్యం వేరు. సముద్రం దాటొచ్చి ఆకాశంలో నిలబడి, ఫలానా రావణుడి తమ్ముణ్ణి నేను అని తన పేరు తానే చెప్పుకున్నాడు. మామూలు మనిషికి అంత ధైర్యం ఎక్కడిది? చెప్పినాక కూడా వాడు అదే ఊళ్ళో, అదే వీధిలో, అదే బావి దగ్గర నీళ్ళు తోడుకుని బతకాలి గదా.

మా ఊరు అనంతపురానికి దక్షిణాన, పెనుకొండ పోయే దారికి కాస్త ఎడంగా ఉంటుంది. పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ఈ వ్యాసం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

1960ల మొదట్లో మాట. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా పరుచుకున్న ఆ చట్టం ఆంధ్ర రాష్ట్రం వేరుపడ్డాక కూడా మా వైపు ఉండిపోయింది. దాని గొడవలోనే 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది. ప్రభుత్వం పడింది గానీ మా ఊరి వంకలో కానుగచెట్ల కింద నడిచే సారాబట్టీకి మాత్రం ఏ ఢోకా రాలేదు. బెల్లం, తుమ్మచెక్క, నాలుగు కుండలు, అంతే పెట్టుబడి. పొద్దుగూకితే ఊరి పెద్దలు కొందరు, మా నాన్నతో సహా, "గొర్రెల్ని చూసొస్తాం" అని వంక వైపు పొయ్యేవాళ్ళు. మాకు గొర్రెలు లేవు.

ఒకరోజు తెల్లవారుజామున పోలీసులు వచ్చిపడ్డారు. కుండలు పగలగొట్టారు, నలుగుర్ని పట్టుకుపోయారు. సాయంత్రానికి రచ్చకట్ట మీద ఒకటే ప్రశ్న: "ఎవురు ఉప్పందించింటారు?"

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదనే మన భాషలోనే, గుట్టు బయటపెట్టడాన్ని ఉప్పందించడం అంటారు. ఉప్పుకు ఇన్ని పనులున్నాయి.

ఊళ్ళో ఒక టైలరు ఉండేవాడు. కన్నడం వైపు నుంచి వచ్చి, ఒకరి అరుగు అద్దెకు తీసుకుని మిషను పెట్టుకున్నాడు. వారానికొకసారి దారాలకూ బొత్తాలకూ టౌనుకు పోయి వచ్చేవాడు. దారాల అంగడి పోలీస్ స్టేషనుకు ఎదురుగా ఉంది. ఊరికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి! అతన్ని ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. బట్టలివ్వడం మానుకున్నారు. ఉగాదికి మా ఊరు ఊరంతా ఆరుమైళ్ళు నడిచి వేరే ఊళ్ళో కుట్టించుకుంది. మా అమ్మ ఒక్కతే నాకు అతని దగ్గర రెండు చొక్కాలు కుట్టించింది. నిజానికి నాకప్పుడు చొక్కాల అవసరం లేదు. అమ్మది జాలిగుండె అనుకున్నాను. మూడు నెలలకు అతను మిషనును ఎద్దులబండి మీదికెక్కించుకుని వెళ్ళిపోయాడు.

మా నేల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వాన పడే పీఠభూమి ఇది. కోనసీమలో లాగా మనిషిని దాచే కొబ్బరితోటలుండవు. కోత అయిపోయిన వేరుశనగ చేలల్లో రెండుమైళ్ళ అవతల నడిచే మనిషి నడకను బట్టి వాడెవడో చెప్పెయ్యచ్చు. "యాడికి పోతాండావు?" అని అడగని మనిషి తగలడు. అట్లాంటి చోట పోలీస్ స్టేషనుకు పోవడమంటే దండోరా వేయించుకుని పోవడమే. అందుకే ఏదైనా చెప్పదలచుకున్నవాడు సంతకు ఎద్దుల్ని తోలుకుపోయినట్టు పోతాడు. కదిరి తిరునాళ్ళకో, పెనుకొండ బాబయ్య ఉరుసుకో పోయి, ఆ జనంలో ఒక చెవిలో ఒక మాట వేసి వస్తాడు. ఆ రెండు ఊళ్ళూ 2022లో జిల్లా విడదీసినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి గానీ, తిరునాళ్ళూ ఉరుసూ పోలేదు.

పూర్వం ఈ అవస్థ లేదు. ఊరికో తలారి, కావలివాడు ఉండేవాళ్ళు. కళ్ళంలో గింజల మేర వాళ్ళది, ఇనాం నేల వాళ్ళది. బదులుగా దొంగతనం జరిగితే సొత్తు పట్టి తేవాలి, తేలేకపోతే విలువ చెల్లించాలి. జేబులోంచి డబ్బు పోతుందంటే ఎవడి జ్ఞాపకశక్తి అయినా పదునెక్కుతుంది! ఎవరింటికి ఎవరు చుట్టంగా వచ్చారు, ఎవరి దొడ్లో కొత్త గొడ్డు ఉంది, అన్నీ తలారికి తెలుసు. ఇక వేరే వేగులవాడెందుకు? పైన పాళెగాళ్ళు ఉండేవాళ్ళు. ఆ కావలి హక్కునే అడ్డం పెట్టుకుని ఊళ్ళను పీడించినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారనుకోండి, అది వేరే కథ.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ఒప్పజెప్పాడు. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలోనే మకాం పెట్టి, 1807 దాకా ఉన్నాడు. పాళెగాళ్ళను అణిచింది ఆయనే. అప్పట్లో కుంపిణీవారి పోలీసంటే జీతానికి కుదిరిన దారోగాలు. పైనుంచి ఊడిపడ్డ దారోగాకు ఊళ్ళో ఎవరూ నిజం చెప్పరు, ఊరి రెడ్డి, తలారి లేకుండా పోలీసు పని సాగదు అని మన్రో వాదన. ఆ వాదన నెగ్గి, 1816 రెగ్యులేషన్లతో గ్రామ మునసబులకూ తలారులకూ పోలీసు పని మళ్ళీ దఖలు పడింది. మన్రో చెప్పింది నిజమే గానీ, తెలిసినవాడు చెప్తాడనే నమ్మకం ఏముంది? తలారికి దొంగ తెలుసు, దొంగకు తలారీ తెలుసు.

మాట బయటికి రాకపోతే ఏమవుతుంది? కర్ర మాట్లాడుతుంది. మద్రాసు రాజధానిలో రెవెన్యూ వాళ్ళూ పోలీసు వాళ్ళూ జనాన్ని హింసిస్తున్నారని గోల పుట్టి, ఒక కమిషను విచారించి 1855లో నివేదిక ఇచ్చింది. కిట్టి అనే కొయ్య పనిముట్టులో వేళ్ళు పెట్టి నొక్కడం వగైరాలన్నీ అందులోకెక్కాయి. తర్వాత 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి, రెవెన్యూ నుంచి విడివడ్డ కొత్త పోలీసు శాఖ ఏర్పడింది. యూనిఫారం, డ్రిల్లు, బదిలీలు. బదిలీ అయిన ప్రతిసారీ పోలీసాయన ఆ తాలూకాకు కొత్తే. మన్రో దారోగాకు వచ్చిన చిక్కే మళ్ళీ వచ్చింది.

1872లో సాక్ష్య చట్టం రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్‌కు ఈ చిక్కు బాగా తెలుసు. ఇక్కడి పోలీసులు ముద్దాయిల్ని ఎందుకు హింసిస్తారని అడిగితే, అనుభవమున్న ఒక అధికారి, అందులో చాలావరకు సోమరితనమే అన్నాడట. ఎర్రటెండలో సాక్ష్యాల కోసం తిరగడం కంటే నీడపట్టున కూచుని ఒకడి కళ్ళలో కారం కొట్టడం సుఖం గదా అని ఆయన తాత్పర్యం. 1883లో అచ్చయిన తన పుస్తకంలో స్టీఫెనే ఈ సంగతి రాశాడు. మా జిల్లా ఎండ ఎరిగినవాడికి ఈ మాట మరీ బాగా అర్థమవుతుంది.

ఆయన చట్టంలో రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చూడాలి. 25వ సెక్షను ప్రకారం పోలీసు ముందు నేరం ఒప్పుకున్నా అది సాక్ష్యం కాదు. కొట్టి ఒప్పించినా ప్రయోజనం లేదన్నమాట. మరి నేరం తెలిసేదెట్లా? దానికి 125వ సెక్షను: ఫలానా నేరం సంగతి నీకెవరు చెప్పారని మేజిస్ట్రేటునుగానీ పోలీసు అధికారినిగానీ కోర్టులో బలవంతపెట్టడానికి వీల్లేదు. తర్వాత 1887లో రెవెన్యూ అధికారులకూ ఈ రక్షణ ఇచ్చారు. ఆ చట్టం పోయి, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. 125 కాస్తా 131 అయింది. మాట మారలేదు. 2005 సమాచార హక్కు చట్టంలో కూడా, అన్నీ అడగండి గానీ రహస్యంగా కబురు చెప్పినవాడు బయటపడే సంగతి మాత్రం ఇవ్వనక్కర్లేదు అని 8వ సెక్షనులో మినహాయింపు పెట్టారు.

ఫిర్యాదు ఇచ్చేవాడి సంగతి వేరు. వాడు పేరు రాసి సంతకం పెడతాడు, కోర్టులో నిలబడతాడు. వేగు చెప్పినవాడి పేరు ఎక్కడా ఉండదు. పోలీసు కాగితాల్లో "నమ్మదగిన సమాచారం మేరకు" అనే ఒక్క ముక్క ఉంటుంది. ప్లీడరు లేచి, "ఆ నమ్మదగినవాడెవడయ్యా?" అంటాడు. "చెప్పలేనండీ" అంటాడు ఎస్సై. అక్కడితో సరి.

ఇది తెల్లవాడు మనకు నేర్పిన విద్య అనుకోనక్కర్లేదు. కౌటిల్యుడి గూఢచారుల్లో కపట విద్యార్థి, సన్న్యాసం చెడ్డవాడు, వ్యాపారం చెడ్డ వర్తకుడు, జడలు పెంచిన తాపసి, సేద్యం దెబ్బతిన్న రైతు ఉన్నారు. ఈ చివరి వేషానికి మా జిల్లాలో మేకప్ కూడా అక్కర్లేదు. వీళ్ళలో ఒకరినొకరు ఎరగకూడదన్నాడు కౌటిల్యుడు. అంతకన్నా ముఖ్యమైంది, ముగ్గురి మాటా కలిస్తే గానీ నమ్మవద్దన్నాడు. వేగు చెప్పేవాడు అబద్ధం కూడా చెప్తాడని ఆ మహానుభావుడికి తెలుసు.

ఇంగ్లండులో ఈ పద్ధతి కోర్టులో స్థిరపడిన తీరు మరో రకం. 1794లో థామస్ హార్డీ అనే ఆయన మీద రాజద్రోహం కేసు నడిచింది. నవలలు రాసిన హార్డీ కాదు. ఈయన లండన్లో చెప్పులు కుట్టుకుంటూ సామాన్యుడికి ఓటు కావాలని సంఘం పెట్టినవాడు. ఆ సంఘంలో ప్రభుత్వం వేగుల్ని పెట్టింది. నేరం బయటపడడానికి దారి చూపినవాళ్ళ పేర్లు అవసరం లేకుండా కోర్టులో లాగవద్దని జడ్జీలన్నారు. హార్డీ నిర్దోషిగా బయటపడ్డాడు, అది వేరే సంతోషం. 1890లో మార్క్స్ - బేఫస్ కేసులో ఇంకో మెట్టు ఎక్కి, పేరు చెప్పకపోతే నిర్దోషికి శిక్ష పడుతుందని జడ్జికి తోస్తే మాత్రం చెప్పాల్సిందే అన్నారు. మన సెక్షనులో ఈ మినహాయింపు మాటల్లో లేదు. ఉండి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

ఎందుకంటే ఉప్పందించేవాళ్ళందరూ ధర్మాత్ములు కారు. గట్టు తగాదా ఉన్నవాడు గట్టు అవతలివాడి మీద చెప్తాడు. పోటీ బట్టీవాడు ఈ బట్టీ గురించి చెప్తాడు. ముఠాకక్షల ఊళ్ళలో నాటుబాంబులు గడ్డివాములో ఉన్నాయని కబురు వస్తే, అవి అక్కడ పెట్టినవాడే కబురు పంపాడేమో కూడా చూసుకోవాలి. చట్టం కూడా మాట ఎప్పుడూ ఒక వైపే ఉండేది కాదు. నీలం సంజీవరెడ్డి 1940 - 45 మధ్య ఎక్కువ కాలం జైళ్ళలో గడిపిన రోజుల్లో, కాంగ్రెసువాళ్ళ కదలికలు పోలీసులకు చేరవేసినవాళ్ళనూ ఈ 125వ సెక్షనే కాపాడింది. ఆయన ఆనక దేశానికి రాష్ట్రపతి అయ్యాడు. మా జిల్లావాడే అయిన తరిమెల నాగిరెడ్డి ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగానే 1976 జూలై 28న కన్నుమూశాడు. అంటే, పోలీసులకు చెప్పకుండా నోరు కట్టుకున్నవాళ్ళూ ఎందరో ఉన్నారన్నమాట.

డబ్బు సంగతీ చెప్పాలి. దొంగసరుకు గురించి కబురు చెప్తే, పట్టుబడ్డ సరుకు అమ్మగా వచ్చినదాంట్లో 20 శాతం దాకా కస్టమ్స్ వాళ్ళు బహుమతి ఇస్తారు. పేరు బయటికి రాకూడదు గనక ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయించుకుంటారు. డబ్బు తీసుకోవడానికి వచ్చినప్పుడు అదే వేలు. ఎమ్మే చదివినవాడైనా అక్కడ వేలిముద్రగాడే.

ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. పుస్తకాల్లో నాకు దొరకనిది మా టైలరు ప్రశ్నకు జవాబు. చెప్పినవాడికి రక్షణ ఉంది. చెప్పకుండానే చెప్పాడనిపించుకున్నవాడికి ఏముంది? 1980ల నుంచి 2000ల దాకా పేపరు తెరిస్తే 'ఇన్‌ఫార్మరనే అనుమానంతో' అనే మాట ఎన్నిసార్లు చదివామో! ఆ తర్వాతి మాట హత్య. "అయ్యా, ఆ మనిషి మాకేమీ చెప్పలేదు" అని ఒక్క అధికారి ముందే ఒక్క మాట అనేస్తే ఏం పోయింది?

ఈ మాటే ఎనభైల్లో ఒకసారి ఒక రిటైరైన హెడ్ కానిస్టేబుల్ని అడిగాను. మా అమ్మ పుట్టినూరివాడు, వరసకు నాకు మామ. ఆ బట్టీ మీద పడ్డ పోలీసుల్లో ఆయనా ఉన్నాడు. ఆ యేడు మా అమ్మ పోయింది. మామ మోకాళ్ళ నొప్పులతో పరామర్శకు రాలేకపోతే, కర్మలయ్యాక నేనే అనంతపురం పోయి ఆయన్ని చూసొద్దామని వెళ్ళాను. ఆ మాటా ఈ మాటా అయ్యాక టైలరు సంగతి తీశాను.

"ఆయప్ప కాదు" అన్నాడు మామ వెంటనే. ఇరవై యేళ్ళ తర్వాత.

నాకు ఒళ్ళు మండింది. "ఆ మాట అప్పుడే ఊళ్ళో చెప్పింటే ఆయప్ప మిషను బండికెక్కించుకుని పోయే పని లేదు గదా మామా!"

మామ కోప్పడలేదు. "నువ్వు అయివారివి, లెక్క చెప్తా విను. మీ ఊర్లో అప్పుడు నూరు ఇండ్లు. టైలరు కాదు అని నేనంటే, ఇంగొకడొచ్చి 'మరి ఫలానావాడా?' అంటాడు. కాదంటా. ఇంగొకడి పేరు చెప్తాడు. కాదంటా. అట్ల పోతా పోతా ఒక పేరు దగ్గర నా నోరు ఆగుతాది. ఆగితే చాలు. నేను పేరు చెప్పాల్సిన పనే లేదు."

"అయితే ఒకణ్ణి కాపాడేదానికి ఇంకొకడు ఊరు వదలాల్నా?"

"వదలకూడదు" అన్నాడు మామ. కాసేపాగి, "నేను ఒకసారి పోయి చూసినా ఆయప్పను. హిందూపురంలో అంగడి పెట్టుకోనుండె. ఒక ప్యాంటు కుట్టిచ్చుకోనొస్తి. ఏం చెప్పేదానికీ నోరు రాలా" అన్నాడు.

అత్త కాఫీ తెచ్చి పెట్టి పోయింది. మామ ఆ ప్యాంటు చాలా యేళ్ళు తొడిగాడట. నాకు మా అమ్మ కుట్టించిన రెండు చొక్కాలు గుర్తుకొచ్చాయి. ఆ మాట ఆయనతో అనలేదు.

"సరే మామా. చెప్పినోళ్ళు బతికున్నన్నాళ్ళు చెప్పొద్దు. పోయినాక చెప్తే తప్పేముంది?"

"వాళ్ళు పోతే వాళ్ళ పిల్లలుండరా? పిల్లల్ని అంటారు గదా."

"ఆ పిల్లలు ఊళ్ళోనే ఉండారా?"

మామ నా మొహం వైపు కొంచెంసేపు చూశాడు. తర్వాత గ్లాసు నా ముందుకు జరిపాడు.

"కాఫీ సల్లారిపోతాంది. తాగబ్బీ."